సర్వరు మార్చుదునా, మానుదునా?

నెల రోజులుగా నన్నొక సందేహం వేధిస్తున్నది. పైకి చూడబోతే చాలా చిన్నది. నేను అద్దెకు తీసుకున్న ఒక సర్వరు మీది మృదులాంత్రాలు పాతబడిపోయాయి. వాటిని కొత్త వర్షన్లకు మార్చాలా, ఇన్నేళ్ళుగా నోరెత్తకుండా పనిచేస్తున్న పాతవాటినే ఉంచుకోవాలా? సర్వరు అద్దెకిచ్చినవారు ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశారు. మూడింటి సారాంశమూ ఒక్కటే: ఇంత పాతవాటిని ఇక తాము భరించలేమనీ, గడువులోగా మార్చుకోకపోతే ఆ యంత్రాన్ని ఆపివేస్తామనీ.

ఇది సాంకేతిక నిపుణులు తేల్చుకోవలసిన సంగతి కదా, సాహిత్యం రాసుకునే చోట దీని ప్రసక్తి ఏమిటని మీరు అడగవచ్చు. ఆ సర్వరులో ఉన్నది తెలుగు. పోతే మళ్ళీ దొరకని తెలుగు. అందుచేత ఇది మన సంగతే.

మాది పెనుమూడి. కృష్ణ కుడిగట్టున, రేపల్లెకు దగ్గర. నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. నది దాటితే పులిగడ్డ, అవనిగడ్డ, దివిసీమ. ఇప్పుడు వారధి మీదుగా బస్సులూ లారీలూ నిమిషాల్లో దాటిపోతున్నాయి గాని, అది రాకముందు ఆ దాటడమంతా రేవు మీదనే. పడవలుండేవి, పంటు ఉండేది, వాటిని నడిపే మనుషులుండేవారు, ఆ మనుషులకు తమదైన ఒక భాష ఉండేది.

మా పెదనాన్నగారు బడిపంతులు. ఆయనకు ఆ భాష మీద మక్కువ. పడవ భాగాల పేర్లు, గాలుల పేర్లు, నీటి నడతను చెప్పే మాటలు, వలల రకాలు, లంక పొలాల్లో వాడే మాటలు – ఇవన్నీ నాలుగు పొడుగు నోటుపుస్తకాల్లో రాసిపెట్టారు. ఆయన పోయాక వాటిని నేను లేఖినిలో ఒక్కొక్క మాటా కొట్టి కంప్యూటరుకెక్కించాను. అంతటితో ఆగక, వారధి వచ్చాక రేవు పని పోయిన ఒక పెద్దాయన దగ్గర మూడు సెలవుల్లో కూర్చుని, ఆయన చెబుతుంటే నేరుగా కంప్యూటరులోనే కొట్టుకున్నాను. ఆయన మాటలు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. గొంతు రికార్డు చేయాలన్న బుద్ధి నాకప్పుడు పుట్టలేదు. ఇప్పుడాయనా లేరు.

ఆ మాటల కూర్పే ఆ సర్వరులో ఉన్నది. రోజుకు పదిమందైనా చూడరు. కాని చూసేవారిలో ఒకరిద్దరు నిఘంటువుల పని చేసేవారు. ఒకరిద్దరు దివిసీమ నుంచి వెళ్ళి ఎక్కడో దూరదేశంలో స్థిరపడి, తాతగారి నోట విన్న మాట కోసం వెదుక్కుంటూ వచ్చేవారు.

ఇద్దరి సలహాలు

నా సందేహాన్ని ఇద్దరి ముందు పెట్టాను. ఒకరు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు. "మావయ్యా, నీ సర్వరు ఇంకా బతికి ఉండటమే వింత. దాన్ని ఎవరూ కొల్లగొట్టలేదంటే అది గట్టిదని కాదు, ఎవరి కంటా పడలేదని. రేపే మార్చెయ్" అన్నాడు.

రెండోవారు తెనాలిలో ఉన్న నా చిన్ననాటి మిత్రుడు. చాలాకాలం అచ్చుపని చేసినవాడు. "ముట్టుకోకురా. నడుస్తున్నదాన్ని నడవనీ. నా దగ్గర విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకరు, అనూ ఫాంట్లు ఇంకా ఉన్నాయి. పాతికేళ్ళ కింద కట్టిన పుస్తకం ఈరోజు తెరిచినా పుట చెక్కుచెదరదు. కొత్తవి పెట్టుకున్నవాళ్ళు వచ్చి నా కంప్యూటరు దగ్గర కూర్చుని పాత ఫైళ్ళు తెరిపించుకుంటున్నారు" అన్నాడు.

ఇద్దరూ నిజమే చెప్పారు. మేనల్లుడి మాటలో భయం ఉంది, మిత్రుడి మాటలో అనుభవం ఉంది. నేను మాత్రం చాలాకాలం మిత్రుడి పక్షమే. దానికొక కారణం ఉంది. ఆ కారణం పేరు కొమ్ము.

అయిదు ఖాళీ గళ్ళు

2012లో ఒకసారి మార్చాను. అంతకుముందు నా మాటల కూర్పు వేరొక చోట ఉండేది. అక్కడి డేటాబేసు తనలోకి వచ్చేదంతా లాటిన్ అక్షరాలేనని నమ్మే పాతకాలపుది. అది అలా నమ్మినా మనకు నష్టం లేదు. ఏ బైట్లు ఇచ్చామో అవే తిరిగి ఇచ్చేది, విహారిణి వాటిని తెలుగుగా చూపేది. కొత్త సర్వరుకు తరలించేటప్పుడే చిక్కు వచ్చింది. కొత్త డేటాబేసు తెలివైనది. లాటిన్ అని రాసి ఉన్నదాన్ని లాటిన్‌గానే తీసుకుని, దాన్ని తనంతట తాను యూనికోడులోకి మార్చి పెట్టింది. తెరిచి చూస్తే తెలుగు లేదు. నెత్తిన గీత ఉన్న లాటిన్ ‘ఎ’, పక్కన ఉష్ణోగ్రత సున్న, కాకపోతే కూడికా తీసివేతా కలిసిన గుర్తు, ఆ తరువాత ఏదో ఒక పిచ్చిగీత. పుటల కొద్దీ అదే వరస. ఈ దృశ్యం చూడని తొలినాళ్ళ తెలుగు రాతగాళ్ళు అరుదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. మొదటిది అన్నిటికీ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. అక్షరం ప్రాణమంతా మూడో బైటులో ఉంటుంది.

బైట్లు ఉన్నాయి కదా, వెనక్కు మార్చుకుందామనుకున్నాను. ఆ లాటిన్ రూపాన్ని దించుకుని, విండోస్‌లో ఒక పనిముట్టుతో ‘విండోస్-1252’ అనే పాత పట్టికలోకి మార్చి, మళ్ళీ యూటీఎఫ్-8గా చదివించాను. తెలుగు తిరిగి వచ్చింది. మధ్యలో చెల్లని బైట్లు కొన్ని ఉన్నాయని ఆ పనిముట్టు చెబితే, తుడిచెయ్యమన్నాను. అర్ధరాత్రి దాటింది. నిద్రకళ్ళతో రెండు పుటలు తెరిచి, తెలుగు లిపి కనబడగానే చాలుననుకుని, నెల అద్దె మిగులుతుందని పాత ఖాతాను మూయించాను.

తెల్లవారి చూసుకుంటే మా ఊరి పేరు ‘పెనమూడి’ అని ఉంది. రేపల్లె ‘రేపలలె’ అయింది. బాపట్ల ‘బాపటల’, గుంటూరు ‘గంటూర’. తెనాలి మాత్రం తెనాలిగానే ఉంది.

కారణం తరువాత తెలిసింది. విండోస్-1252 పట్టికలో 256 గళ్ళుంటే అందులో అయిదు ఖాళీ: పదహారంకె పద్ధతిలో 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. ఆ గళ్ళలో పడే బైటు ఏదైనా దారిలో రాలిపోతుంది. ఇక తెలుగులో మూడో బైటుగా ఆ అయిదూ ఎక్కడ వస్తాయో చూడండి. 81 అరసున్నకు వస్తుంది, కొమ్ముకూ వస్తుంది. 8డి పొల్లుకు. 8ఎఫ్ ‘ఏ’కు, 90 ‘ఐ’కి, 9డి ‘ఝ’కు. అరసున్నా ఝకారమూ పోతే ఎలాగో సర్దుకోవచ్చు. కొమ్మూ పొల్లూ పోయాక తెలుగు ఏముంటుంది? ఒత్తు అక్షరాలన్నీ విడిపోయాయి. తెలుగు మాట చివర నిలబడే ఉకారం ఊడిపోయింది. తెడ్డు ‘తెడడ’ అయింది. కరకట్ట ‘కరకటట’. ‘ఏరు’ అన్న మాటలో ‘ర’ ఒక్కటే మిగిలింది. తెనాలిలో కొమ్మూ పొల్లూ లేవు గనుక బతికిపోయింది.

తెడడను తెడ్డుగా ఎవరైనా దిద్దగలరు. బాధ వాటితో కాదు. ‘పాటు’ పోయి ‘పాట’ మిగిలింది. సముద్రం వెనక్కు తీయటం పాడుకునే పాట అయింది. ‘పంటు’ పోయి ‘పంట’ మిగిలింది. ఏరు దాటించేది కాస్తా పొలంలో పండేది అయింది. అర్థాలు పక్కనే ఉన్నాయి గనుక వీటినీ దిద్దుకోగలిగాను. పెదనాన్నగారి నోటుపుస్తకాలున్నాయి గనుక నాలుగు నెలలు కూర్చుని వారి మాటలన్నీ సరిచూసుకున్నాను. మిగిలింది ఆ రేవు పెద్దాయన మాటలు. వాటికి పుస్తకం లేదు. చాలావరకు వాడుకనుబట్టి, నిఘంటువులనుబట్టి పూర్వరూపం పట్టుకున్నాను. పదకొండు మాటలు మాత్రం ఈనాటికీ తేలలేదు. చివర కొమ్ము ఉండేదో లేదో, నడుమ పొల్లు ఉండేదో లేదో నాకు గుర్తులేదు. చెప్పవలసిన మనిషి లేడు. ఆ మాటల పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను.

ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టయింది నా పని. తప్పు యంత్రానిది కాదు, నాది. అయినా ఆ రోజునుంచీ ఆ కొత్త సర్వరును మళ్ళీ ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటి సెంటోస్ 6, దానితో వచ్చిన పీహెచ్‌పీ 5.3, మైఎస్‌క్యూఎల్ 5.1 నేటికీ అలాగే ఉన్నాయి.

పాతదనం కాపాడిన రోజు, కాపాడని రోజు

నా ఒట్టును సమర్థించుకోవడానికి 2014లో ఒక అవకాశం దొరికింది. ఆ ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడి లోకమంతా గగ్గోలెత్తింది. గుప్తలిపి పని చూసే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే మృదులాంత్రంలో, బయటివాడు సర్వరు జ్ఞాపకంలోని ముక్కలను అడిగి పుచ్చుకోగల కన్నం అది. తమాషా ఏమిటంటే, ఆ కన్నం 1.0.1 వర్షనుతో వచ్చింది. అంతకు పాతవైన 1.0.0, 0.9.8 వర్షన్లలో లేదు. సెంటోస్ 6 వాడేవారిలో 6.5కు ఎక్కినవారికి కొత్తదానితో పాటు కన్నమూ వచ్చింది. నేను 6.4 దగ్గరే ఆగిపోయినవాణ్ణి. మేనల్లుడికి ఫోను చేసి, "చూశావా, మీ కొత్తవాళ్ళంతా ఇళ్ళకు తాళాలు మార్చుకుంటున్నారు, నేను నిశ్చింతగా ఉన్నాను" అని మురిసిపోయాను.

ఆ మురిపెం అయిదు నెలలు. సెప్టెంబరులో ‘షెల్‌షాక్’ వచ్చింది. ఇది బాష్ అనే ఆజ్ఞల పొరలో 1989 నుంచీ దాగి ఉన్న లోపం. ఎంత పాతవాడివైనా తప్పించుకోలేవు. పాతదనమే రక్ష అనుకున్న నాకు, పాతికేళ్ళ పాత తప్పే ఎదురు వచ్చి నిలబడింది. ఆ రోజు మేనల్లుడు ఫోనులో ఒక్కొక్క ఆజ్ఞే చెప్పి అతుకు వేయించాడు. నన్ను ఎద్దేవా చేయలేదు; వాడి సంస్కారం.

ఆ తరువాత 2017 మే నెల. ‘వాన్నాక్రై’ అనే పురుగు ప్రపంచమంతటా కంప్యూటర్లలోని దస్త్రాలకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. చిక్కినవాటిలో కృష్ణా, గుంటూరు జిల్లాలవీ ఉన్నాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ‘పాత విండోస్ ఎక్స్‌పీల వల్లనే ఇదంతా’ అని చాలామంది అన్నారు. నిజానికి ప్రపంచంలో దెబ్బతిన్నవాటిలో అత్యధిక భాగం విండోస్ 7 యంత్రాలు. అప్పటికి విండోస్ 7కు మైక్రోసాఫ్టు ఆదరణ ఉంది. ఆ కన్నానికి అతుకు మార్చి 14నే విడుదలైంది. పురుగు వచ్చింది మే 12న. నడుమ దాదాపు రెండు నెలలు. దెబ్బతిన్నవి ముసలి యంత్రాలని కాదు. చేతికి వచ్చిన అతుకును వేసుకోని యంత్రాలు.

ఈ మూడు సంఘటనలనూ పక్కపక్కన పెట్టుకుంటే, కొత్తదా పాతదా అన్న ప్రశ్నే సరిగా లేదని నాకనిపిస్తున్నది. కొత్తదాంట్లో కొత్త కన్నాలుంటాయి, పాతదాంట్లో పాత కన్నాలుంటాయి. అసలు అడగవలసిన ప్రశ్న వేరు: దీన్ని ఎవరైనా చూసుకుంటున్నారా, లేదా?

ఉంచుకోవడం, వదిలేయడం

పాతదాన్ని ఉంచుకోవడం వేరు, వదిలేయడం వేరు. రెండూ బయటికి ఒకలాగే కనబడతాయి. రెండింటిలోనూ వర్షను సంఖ్య మారదు. కాని ఒకదానికి కావలి ఉంటుంది, రెండోదానికి ఉండదు.

దీనికి నా సర్వరే మంచి ఉదాహరణ. పీహెచ్‌పీ రూపకర్తలు 5.3 వర్షనుకు 2014 ఆగస్టులోనే చేతులు దులుపుకున్నారు. అయితే రెడ్ హ్యాట్ వారు తమ వ్యవస్థలో అదే 5.3ను ఉంచి, పైనుంచి వచ్చే భద్రతా మరమ్మతులను వెనక్కు తెచ్చి దానికే అతికిస్తూ వచ్చారు. సెంటోస్ వారు ఆ అతుకులనే మనకు ఉచితంగా అందించారు. డెబియన్ స్థిర వర్షన్లదీ ఇదే పద్ధతి: సంఖ్య పాతది, మరమ్మతు తాజాది. కొత్త సొగసులు వద్దు, కన్నాలు మాత్రం పూడ్చండి అనేవారికి ఇంతకన్నా గౌరవమైన ఏర్పాటు లేదు. సెంటోస్ 6కు ఇది 2020 నవంబరు 30 వరకు సాగింది. అంతవరకు నాది ఉంచుకోవడం అని చెప్పుకోవచ్చు. షెల్‌షాక్‌కు అతుకు వేయగలిగింది ఆ కావలి ఉండబట్టే.

ఆ మరునాటినుంచి నాది ఉంచుకోవడం కాదు, వదిలేయడం. అప్పటినుంచీ నేను పాతవాటిని గౌరవిస్తున్నాననీ, నిలకడగలవాడిననీ అనుకుంటూ వచ్చాను. నిజం చెప్పుకోవాలంటే, చూసుకోవలసిన పనిని మానేసి దానికి నిలకడ అని పేరు పెట్టుకున్నాను.

తెనాలి మిత్రుడి మాటేమిటి మరి? ఆయన ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు ఆదరణ 2014 ఏప్రిల్ 8తోనే పోయింది కదా? ఆయన కంప్యూటరుకు అంతర్జాలపు తీగ లేదు. అది గదిలో ఉన్న యంత్రం. తలుపు వేసి, గుడ్డ కప్పి, చెడితే మార్చడానికి రెండో హార్డ్‌డిస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు ఆయన. ఆయనది నిజంగా ఉంచుకోవడం. నాది వీధిలో ఉన్న యంత్రం. రాత్రింబవళ్ళు ఎవరెవరో వచ్చి తలుపు తట్టిపోతుంటారు. గదిలోని యంత్రానికి చెల్లే నీతి వీధిలోని యంత్రానికి చెల్లదు. మిత్రుడి సలహాలో నాకు ఇన్నాళ్ళూ తోచని తేడా ఇదే.

మా వైపు వారికి ఈ సంగతి ఏటి దగ్గర తెలిసినదే. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. మా డెల్టా పొలాలకు దాదాపు నూరేళ్ళు నీరిచ్చింది. పాతదని దాన్ని ఎవరూ పారేయలేదు. 1952లో దానికి గండి పడింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో వాడుకలోకి వచ్చింది. 2009 అక్టోబరు వరదలో మా దగ్గరి ఓలేరు వద్ద కరకట్ట తెగింది. కట్ట పాతదైనంత మాత్రాన భయం లేదు. వరదకు ముందే దాని మీద నడిచి బొరియలు చూసే మనిషి ఉండాలి. కట్ట మీద మనిషి తిరగని ఏడాదే భయం.

అయితే ఏం చేయబోతున్నాను

మార్చుతున్నాను. అయితే మేనల్లుడన్నట్టు రేపే కాదు. 2012లో మార్చినట్టు అసలే కాదు. తోటి రాతగాళ్ళకు పనికిరావచ్చునని నా పద్ధతి చెబుతాను.

మొదటిది: మాటలను యంత్రంనుంచి విడదీశాను. డేటాబేసులోని ప్రతి మాటనూ, దాని అర్థాన్నీ, చెప్పినవారి వివరాన్నీ ఉత్త పాఠ్యపు దస్త్రంగా, యూటీఎఫ్-8లో, వరుసకొక మాట చొప్పున దించుకున్నాను. దాన్ని చదవడానికి ఏ వర్షనూ అక్కరలేదు. మూడు ప్రతులు మూడు ఊళ్ళలో ఉన్నాయి. నాలుగో ప్రతిని కాగితం మీద అచ్చువేయించి తెనాలి మిత్రుడి బీరువాలో పెట్టాను. ఆయన సంతోషించాడు.

రెండోది: కొత్త సర్వరును పాతదాని పక్కనే పెట్టాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు. ఈ ఒక్క పనిలో మాత్రం పెట్టాలి. ఒక నెల రెండూ నడవాలి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టు, తెలుగు కనబడగానే పాతదాన్ని మూయించి నేనొకసారి మునిగాను. అవతలి గట్టున కాలు ఆనిందని రూఢి అయ్యేదాకా ఈ పడవను వదలను.

మూడోది: సరిచూడటం. పుట తెరుచుకున్నదా, తెలుగు కనబడుతున్నదా అని చూడటం సరిచూడటం కాదు. ఈసారి అక్షరాలు లెక్కపెట్టాను. పాత చోట కొమ్ములెన్ని, కొత్త చోట కొమ్ములెన్ని? పొల్లులెన్ని? అరసున్నలు, ఏ, ఐ, ఝ ఎన్నెన్ని? ఈ ఆరు గుర్తుల లెక్క రెండు వైపులా ఒక్కటైతేనే తరలింపు జరిగినట్టు. ఒక్కటి తగ్గినా మళ్ళీ మొదటికి. మీలో ఎవరి డేటాబేసు అయినా ఇంకా లాటిన్ ముసుగులో ఉంటే ఒక మాట: దాన్ని నేరుగా యూనికోడుకు మార్చమని అడగకండి. ముందు ఆ గడిని ఉత్త బైట్ల గడిగా మార్చండి, తరువాత ఆ బైట్లు యూనికోడేనని ప్రకటించండి. రెండంచెల్లో చేస్తే బైటు కదలదు, పేరే మారుతుంది. 2012లో ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే నా పదకొండు మాటలూ నాకుండేవి.

నాలుగోది: మనం రాసుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములు. నావి పీహెచ్‌పీ 8 మీద పెట్టగానే డేటాబేసును పిలిచే పాత ఆజ్ఞలన్నీ మొరాయించాయి, అవి 7.0లోనే, అంటే 2015 డిసెంబరులోనే తొలగిపోయాయి. అది ఊహించినదే. ఊహించనిది ఇంకొకటి. ప్రతి మాటకూ అర్థంలోని మొదటి 200 బైట్లను సంగ్రహంగా చూపే పంక్తి ఒకటి నా ప్రోగ్రాములో ఉంది. అక్షరానికి మూడు బైట్లు గదా. 200వ బైటు దగ్గర కోస్తే చివరి అక్షరం నడుమకు తెగుతుంది. పాత వర్షనులో ఆ చివర ఒక పిచ్చి గుర్తు కనబడేది, అంతే. 5.4 నుంచి మాత్రం, తెగిన అక్షరం ఒక్కటి ఉన్నా ఆ పంక్తి మొత్తాన్నీ చెల్లనిదిగా తీసిపారేసి ఖాళీ ఇస్తున్నది. పుటలో మాటలున్నాయి, సంగ్రహాలు లేవు. తప్పు నేను 2012లో చేసినది. కొత్త వర్షను దాన్ని బయటపెట్టింది. బైట్ల చొప్పున కాక అక్షరాల చొప్పున కోయించి సరిచేశాను.

అయిదోది: చిరునామాలు. ఎవరో ఒక మాటకు లంకె వేసుకుని ఉంటారు. సర్వరు మారినా ఆ లంకె మారకూడదు. తెలుగు శీర్షికలతోనే చిరునామాలు పెట్టుకున్న వర్డ్‌ప్రెస్ వాడుకరులు మరింత జాగ్రత్తపడాలి. చిరునామాలో ఒక్కొక్క తెలుగు గుర్తూ తొమ్మిది గుర్తులుగా విస్తరిస్తుంది. అక్కడున్న చోటు 200 గుర్తులు. కనుక 22కు మించి నిలవవు. మీ పొడుగు శీర్షికల చిరునామాలు ఎప్పుడో తెగి ఉంటాయి. తరలించేటప్పుడు ఆ తెగినవాటినే యథాతథంగా కాపాడాలి, కొత్తగా పుట్టించకూడదు.

తగ్గించుకోవడం

ఇంత చేశాక ఒక ఆలోచన వచ్చింది. మాటల కూర్పును చూపడానికి అసలు డేటాబేసు ఎందుకు, పీహెచ్‌పీ ఎందుకు? అది నెలకొకసారైనా మారేది కాదు. మాటకొక పుట చొప్పున నిశ్చలమైన హెచ్‌టీఎంఎల్ పుటలుగా పెట్టేస్తే, కాపలా కాయవలసిన తలుపులు సగానికి సగం తగ్గుతాయి. అందుచేత కొత్త సర్వరులో లోకానికి కనబడేవి ఉత్త పుటలే. డేటాబేసు నా ఇంట్లో, గదిలోని యంత్రంలో ఉంటుంది. తెనాలి మిత్రుడి నీతి అక్కడ చెల్లుతుంది. మేనల్లుడి నీతి వీధిలో చెల్లుతుంది.

దీనికి ఖరీదు లేకపోలేదు. అర్థాన్నిబట్టి మాటను వెదికే సౌకర్యం పోతుంది. చదువరులు తమకు తెలిసిన రూపాన్ని అక్కడికక్కడే చేర్చే పెట్టె పోతుంది. ఆ పెట్టె ద్వారా వచ్చిన దిద్దుబాట్లు కొన్ని ఎంతో విలువైనవి. వాటిని వదులుకోవడం నాకు కష్టంగానే ఉంది. కాని నా వయసు అరవై దాటింది. నా తరువాత దీన్ని చూసుకునేవారికి నేను ఒప్పగించవలసింది వర్షన్ల జాగరణ కాదు, మాటలు. మేనల్లుడు ఉద్యోగమూ సంసారమూ ఉన్నవాడు. వాడికి ఏడాదికొక గంట పని మాత్రమే మిగలాలి.

కనుక నా అభిప్రాయం ఇది. కావలి ఉన్నంతకాలం పాతదాన్ని నిస్సంకోచంగా ఉంచుకోండి; కొత్తదనం కోసం కొత్తదానికి ఎగబడనక్కరలేదు. కావలి పోయిన రోజును మాత్రం గోడ మీద రాసిపెట్టుకోండి. ఆ రోజు దాటాక ఉంచుకుంటున్నామని మనల్ని మనం నమ్మించుకోకూడదు. మార్చేటప్పుడు యంత్రం బాగోగులు చివర చూడండి, ముందు అక్షరాలు లెక్కపెట్టండి.

నా లెక్క నిన్న రాత్రి కుదిరింది. కొమ్ములు సరిపోయాయి, పొల్లులు సరిపోయాయి. పాత సర్వరు గడువు చివరిదాకా నడుస్తుంది, తరువాత ఆగిపోతుంది.

ఆ పదకొండు మాటలు మాత్రం ప్రశ్నార్థకాలతోనే కొత్త చోటుకు వచ్చాయి. వచ్చే టపాలో వాటి జాబితా పెడతాను. పెనుమూడి రేవులోనో, పులిగడ్డ రేవులోనో పడవ దాటినవారు, దాటించినవారి పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇంట్లో పెద్దవారి ముందు ఆ జాబితా ఒకసారి చదివి వినిపించండి. ఏ మాట చివర కొమ్ము ఉందో వారికి తెలిసి ఉండవచ్చు.